రెండు మైక్రాన్ల పూత ఎంత గట్టిదో కంప్యూటర్‌లో పరీక్షించడం ఎలా?

టూల్స్ షాపులో బంగారు రంగులో మెరిసే డ్రిల్ బిట్లు చూసే ఉంటారు. ఆ రంగు అందం కోసం వేసింది కాదు, అది టైటానియం నైట్రైడ్ పూత. లోపల హైస్పీడ్ స్టీల్, దాని మీద రెండు మూడు మైక్రాన్ల పూత, అంతే. ఈ పూత ఎంత గట్టిదో చూద్దామని వర్క్‌షాప్‌లో ఉండే వికర్స్ యంత్రం (వజ్రపు పిరమిడ్‌ను గుచ్చి, పడిన గుంటను బట్టి కాఠిన్యం, అంటే గట్టిదనం, కొలిచేది) కింద పెట్టి పది కిలోల లోడ్ వేశారనుకోండి. 800 వికర్స్ ఉన్న ఉక్కులో ఆ గుంట కర్ణం 150 మైక్రాన్లు వస్తుంది, లోతు 21 మైక్రాన్లు దాటుతుంది. పూత మందానికి అది పది రెట్లు. మీరు కొలిచింది పూతను కాదు, దాని కింది ఉక్కును. పోనీ 25 గ్రాముల లోడ్‌తో సరిపెడదామా? 2000 వికర్స్ పదార్థంలో కూడా సూది 0.7 మైక్రాన్ లోతుకు పోతుంది. రెండు మైక్రాన్ల పూతలో అది మూడో వంతు. అప్పుడు కూడా ఉక్కు లెక్కలోకి వచ్చేస్తుంది.

అందుకే నానో ఇండెంటేషన్ వచ్చింది. గ్రాము, రెండు గ్రాముల బరువంత బలంతో వజ్రపు సూదిని గుచ్చి, లోడునూ లోతునూ క్షణక్షణం నమోదు చేస్తారు. కానీ ఆ గ్రాఫులో పూత వాటా ఎంత, ఉక్కు వాటా ఎంత అన్నది యంత్రం చెప్పదు. అది తేలాలంటే అదే పరీక్షను, పదార్థాన్ని మెష్ అనే వలగా, ఎలిమెంట్లనే చిన్న గళ్లుగా విడగొట్టి లెక్కించే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో కంప్యూటర్‌లో మళ్లీ చేయాలి. ఎం.టెక్ ప్రాజెక్టుకో పరిశోధనకో ఈ పని మొదలుపెట్టేవారి కోసం, రెండు మైక్రాన్ల టైటానియం నైట్రైడ్ పూత ఉన్న హైస్పీడ్ స్టీల్‌ను ఉదాహరణగా తీసుకుని, పని ఏ వరుసలో చేయాలో చెబుతాను.

ఒక మాట ముందే చెప్పాలి. ఏ సాఫ్ట్‌వేర్ కూడా మీకు కాఠిన్యం విలువ ఇవ్వదు. అది లోడ్ ఇస్తుంది, లోతు ఇస్తుంది, ఏ నోడ్ (గళ్ల మూల బిందువు) సూదికి తగులుతోందో చెబుతుంది. లోడును స్పర్శ వైశాల్యంతో భాగించి కాఠిన్యం రాబట్టుకోవాల్సింది మీరే. తప్పులన్నీ ఆ వైశాల్యం దగ్గరే జరుగుతాయి. రంగురంగుల స్ట్రెస్ బొమ్మలు చూసి మురిసిపోవడం కన్నా ఆ ఒక్క సంఖ్య మీద ఎక్కువ టైమ్ పెట్టండి.

మొదట కాగితం, పెన్ను

సాఫ్ట్‌వేర్ తెరవకముందే జవాబు ఇంచుమించు ఎంత రావాలో చేత్తో లెక్క వేసుకోండి. ఇది లేకపోతే తర్వాత వచ్చిన అంకె తప్పో ఒప్పో తెలిసే దారి ఉండదు.

యూనిట్ల నుంచి మొదలుపెడదాం. ఈ సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి యూనిట్లు తెలియవు, మీరు ఇచ్చిన అంకెలే వాటికి తెలుసు. ఈ పనికి మైక్రాన్, మిల్లీ న్యూటన్, గిగాపాస్కల్ అనే మూడూ వాడండి. చదరపు మైక్రాన్ మీద ఒక మిల్లీ న్యూటన్ అంటే సరిగ్గా ఒక గిగాపాస్కల్. ఎక్కడా పదుల ఘాతాలు తగిలించక్కర్లేదు. నేను మొదటిసారి చేసినప్పుడు యంగ్స్ మాడ్యులస్ (సాగదీతకు పదార్థం ఎంత ఎదురుతిరుగుతుందో చెప్పే కొలత) ఉక్కుకు 2,10,000 అని మెగాపాస్కల్స్‌లో, పూతకు 430 అని గిగాపాస్కల్స్‌లో ఇచ్చాను. వెన్నలో కత్తి దిగినట్టు సూది పూతలోకి దిగిపోయింది. రెండు రోజులు మెష్‌ను తిట్టుకున్నాక గానీ అసలు తప్పు కనబడలేదు.

ఇక పదార్థాల గుణాలు. ఉక్కుకు యంగ్స్ మాడ్యులస్ 210 గిగాపాస్కల్స్, పాయిసన్ నిష్పత్తి (ఒకవైపు లాగితే అడ్డంగా ఎంత సన్నబడుతుందో చెప్పేది) 0.3. గట్టిపరిచిన హైస్పీడ్ స్టీల్ కాఠిన్యం సుమారు 8.5 గిగాపాస్కల్స్. వికర్స్ లెక్కలోకి మార్చాలంటే గిగాపాస్కల్‌ను 94.5తో గుణించాలి, అంటే 800 చిల్లర. ఇక్కడ 102తో గుణించేవాళ్లు ఉన్నారు, అది పొరపాటు. వికర్స్ అంకెలో గుంట లోపలి ఏటవాలు ముఖాల వైశాల్యం ఉంటుంది, నానో ఇండెంటేషన్‌లో పైనుంచి చూస్తే కనిపించే వైశాల్యం ఉంటుంది. ఆ తేడా ఏడు శాతం. టైటానియం నైట్రైడ్‌కు మాడ్యులస్ 430, పాయిసన్ నిష్పత్తి 0.25, కాఠిన్యం 22 గిగాపాస్కల్స్ అనుకుందాం. పూత వేసిన పద్ధతిని బట్టి ఇవి కాస్త అటూ ఇటూ అవుతాయి.

సూది సంగతి. మామూలుగా వాడేది బెర్కోవిచ్ సూది, మూడు ముఖాల పిరమిడ్. దాన్ని అలాగే గీస్తే త్రీడీ మోడల్ కావాలి, లెక్కకు గంటలు పడతాయి. లోతుకు వైశాల్యానికి అదే సంబంధం ఉండే శంకువును దాని బదులు వాడుకోవచ్చు. ఆ శంకువు అర్ధకోణం 70.3 డిగ్రీలు. వైశాల్యం లోతు వర్గానికి 24.5 రెట్లు. వికర్స్ సూదికి కూడా ఇదే 24.5 కాబట్టి ఒకే శంకువు రెండింటికీ పనికొస్తుంది. శంకువు అనగానే సమస్య టూడీ అక్షసౌష్ఠవ మోడల్‌గా (అక్షం చుట్టూ తిప్పితే పూర్తి ఆకారం వచ్చే సగం కోతగా) మారిపోతుంది, మామూలు ల్యాప్‌టాప్‌లో నిమిషాల్లో తేలుతుంది. పిరమిడ్ అంచుల దగ్గర వచ్చే పగుళ్ల గురించి చదవాలనుకుంటే మాత్రం శంకువు పనికిరాదు, త్రీడీ తప్పదు.

ఇప్పుడు అంచనా. పూతలో పదో వంతు, అంటే 0.2 మైక్రాన్ లోతుకు గుచ్చుతున్నాం. గుచ్చినప్పుడు సూది చుట్టూ ఉపరితలం కొంచెం కుంగుతుంది కాబట్టి నిజంగా తగిలే లోతు 0.17 దగ్గర ఉంటుంది. వైశాల్యం 0.73 చదరపు మైక్రాన్లు. దాన్ని 22తో గుణిస్తే 16 మిల్లీ న్యూటన్లు. స్పర్శ వృత్తం వ్యాసార్థం 0.48 మైక్రాన్. 16, 0.48 అన్న ఈ రెండు అంకెలను గోడ మీద రాసిపెట్టుకోండి. మెష్, మోడల్ సైజు, లోడ్ అన్నీ వీటి నుంచే వస్తాయి.

సాఫ్ట్‌వేర్

అబాకస్ ఉంటే పని సులువు. దాని ఉచిత లెర్నింగ్ ఎడిషన్‌లో వెయ్యి నోడ్‌ల పరిమితి ఉంది. పద్ధతి నేర్చుకోవడానికి సరిపోతుంది గానీ రిపోర్టులో పెట్టే అంకెకు చాలదు. డబ్బు పెట్టకుండా పూర్తిగా చేయాలంటే కాల్క్యులిక్స్ ఉంది. దాని ఇన్‌పుట్ ఫైల్ అబాకస్ ఫైల్‌ను పోలి ఉంటుంది, ప్రీపోమ్యాక్స్ పెట్టుకుంటే మౌస్‌తోనే నడపొచ్చు. కాల్క్యులిక్స్‌లో సూదిని కూడా మెష్ చేసి రిజిడ్ బాడీగా కట్టాలి. అబాకస్‌లో గీత గీసి ఇది వంగని ఉపరితలం అని చెబితే చాలు. మిగతా పనంతా రెండింటిలో ఒకటే.

మోడల్ గీయడం

నిలువు అక్షం మీద సూది మొన, దానికి కుడివైపు దీర్ఘచతురస్రం. వెడల్పు 100 మైక్రాన్లు, ఎత్తు 100 మైక్రాన్లు. పై నుంచి రెండు మైక్రాన్ల దగ్గర ఒక అడ్డగీత గీసి విడగొట్టండి. పైది పూత, కిందిది ఉక్కు. రెండు వేర్వేరు భాగాలు గీసి తర్వాత అతికించడం కన్నా ఒకే భాగాన్ని విభజిస్తే సరిహద్దులో నోడ్‌లు తమంతట తామే కలిసి ఉంటాయి.

స్పర్శ వ్యాసార్థం అర మైక్రానే కదా, వంద మైక్రాన్ల దిమ్మ ఎందుకు అంటారా? మోడల్ చిన్నదైతే అంచులు గోడల్లా అడ్డుపడి పదార్థం ఉన్నదానికన్నా బిగుసుగా కనిపిస్తుంది. స్పర్శ వ్యాసార్థానికి కనీసం 40, 50 రెట్లు ఉండాలి. తర్వాత ఒక మైక్రాన్ లోతు దాకా కూడా గుచ్చబోతున్నాం. అప్పుడు వ్యాసార్థం రెండున్నర మైక్రాన్ల దగ్గరికి వస్తుంది, ఈ సైజు దానికి సరిపోతుంది. దూరంగా ఉన్నచోట మెష్ పెద్దగా ఉంటుంది కాబట్టి మోడల్ పెంచినా లెక్క భారం అంతగా పెరగదు.

సూది మొన దగ్గర ఆగాలి. సూది ఎంత కొత్తదైనా మొన కొంచెం గుండ్రంగానే ఉంటుంది. మొన వ్యాసార్థం 0.1 మైక్రాన్ అనుకుంటే, అక్షం మీద మొదలైన చాపం 0.0337 మైక్రాన్ దూరంలో, 0.0058 ఎత్తులో శంకువు గీతను తాకుతుంది. అక్కడి నుంచి నేలబారుకు 19.7 డిగ్రీల ఏటవాలుగా సరళరేఖ. ఈ గుండ్రదనం వల్ల పదునైన మొనతో పోలిస్తే 6.2 నానోమీటర్ల పొడవు పోతుంది. ఆరు నానోమీటర్లే కదా అనుకోకండి. 24.5 రెట్ల సూత్రంలో లోతుకు ఈ ఆరూ కలపడం మరిచిపోతే వైశాల్యం ఏడు శాతం తగ్గి, కాఠిన్యం ఆ మేరకు పెరిగి కనిపిస్తుంది. 0.05 మైక్రాన్ లోతులో అయితే ఈ తప్పు ఇంకా పెద్దది.

మెష్

మెష్‌ను స్పర్శ వ్యాసార్థం నిర్ణయిస్తుంది. తగిలే వృత్తం అంచు ఎక్కడుందో మీకు ఒక ఎలిమెంట్ వరకే తెలుస్తుంది. చివరగా తగిలిన నోడ్‌కూ తగలని నోడ్‌కూ మధ్య ఎక్కడో ఉంటుంది, సగం ఎలిమెంట్ అటూ ఇటూ. వ్యాసార్థంలో తప్పు వైశాల్యంలో రెట్టింపు అవుతుంది. ఎలిమెంట్ 0.05 మైక్రాన్ అయితే వైశాల్యంలో పది శాతం అటూ ఇటూ, 0.02 అయితే నాలుగు శాతం. రిపోర్టులో 21.87 గిగాపాస్కల్స్ అని రెండు దశాంశాలతో రాసేవాళ్లు తమ మెష్ ఎంతో ఒకసారి చూసుకుంటే మంచిది.

సూది కింద 1 మైక్రాన్ వెడల్పు, 0.6 మైక్రాన్ లోతు ప్రాంతంలో 0.02 మైక్రాన్ చతురస్రాలు పెట్టండి. అవి 1500 అవుతాయి. అక్కడి నుంచి బయటికి, కిందికి నెమ్మదిగా పెద్దవి చేసుకుంటూ పోండి. పూత ఉక్కు కలిసే గీత దగ్గర మాత్రం ఎలిమెంట్లు మరీ పెద్దవి కాకుండా చూడండి, ఉక్కు లొంగిపోవడం మొదలయ్యేది అక్కడే. లోతైన పరీక్షలకు సన్న మెష్ ప్రాంతాన్ని వెడల్పు చేసి, ఎలిమెంట్ సైజును అదే నిష్పత్తిలో పెంచుకోవచ్చు.

నాలుగు నోడ్‌ల అక్షసౌష్ఠవ ఎలిమెంట్, రెడ్యూస్డ్ ఇంటిగ్రేషన్‌తో, అంటే అబాకస్‌లో సీఏఎక్స్4ఆర్, ఈ పనికి చాలు. లెక్క అయ్యాక హవర్‌గ్లాస్ వంకర్లను ఆపడానికి పెట్టిన కృత్రిమ శక్తి మొత్తం అంతర్గత శక్తిలో ఒకటి రెండు శాతం దాటలేదని చూసుకోండి. ఎలిమెంట్లు ఇసుక గడియారంలా వంకర్లు పోయి కనిపిస్తే మెష్ ఇంకా సన్నం చేయాలి.

పదార్థం ఎప్పుడు లొంగుతుందో చెప్పడం

యంగ్స్ మాడ్యులస్, పాయిసన్ నిష్పత్తి ఇచ్చేశాం. ఈల్డ్ స్ట్రెస్, అంటే పదార్థం లొంగి శాశ్వతంగా రూపం మారడం మొదలయ్యే ఒత్తిడి, ఇవ్వాలి. చాలామంది ఇక్కడ కాఠిన్యాన్ని మూడుతో భాగించేస్తారు. ఉక్కుకు అది దాదాపు సరైనదే, 8.5 నుంచి ఇంచుమించు 3 గిగాపాస్కల్స్ వస్తుంది. టైటానియం నైట్రైడ్‌కు మాత్రం అది పనిచేయదు. మూడు రెట్లు అన్నది మాడ్యులస్‌తో పోలిస్తే ఈల్డ్ చాలా తక్కువగా ఉన్న లోహాల సంగతి. మాడ్యులస్ 430 ఉండి ఈల్డ్ పది గిగాపాస్కల్స్ దాటిన పదార్థంలో, గుంట చుట్టూ ఉన్న పదార్థం సాగే గుణంతోనే కొంత చోటిచ్చేస్తుంది, సూదిని అంతగా బిగించి పట్టదు. కాబట్టి ఆ నిష్పత్తి మూడు కాదు, రెండుకు దగ్గర. ఏడుతో మొదలుపెట్టకుండా 10 నుంచి 14 గిగాపాస్కల్స్ మధ్య మొదలుపెట్టి, పూత ఒక్కటే ఉన్న దిమ్మ మీద నడిపి, 22 కాఠిన్యం వచ్చేదాకా సర్దుకోండి. మూడు నాలుగు ప్రయత్నాల్లో కుదురుతుంది.

పూతకు స్ట్రెయిన్ హార్డెనింగ్ (లొంగేకొద్దీ గట్టిపడటం) లేకుండా, ఈల్డ్ తర్వాత స్ట్రెస్ అలాగే నిలిచేలా పెట్టండి. నిజం పూతలో నిలువు స్తంభాల్లాంటి రేణువులుంటాయి, అవి ఒకదానిమీద ఒకటి జారతాయి, పగులుతాయి. లొంగుబాటును లెక్కించే వాన్ మీసెస్ సూత్రానికి ఇవేమీ తెలియవు. అయినా పదో వంతు లోతులో లోడ్-లోతు గ్రాఫ్ వరకు అది బాగానే సరిపోతుంది.

స్పర్శ, సరిహద్దులు, స్టెప్‌లు

సూది ఉపరితలం మాస్టర్, పూత పై అంచు స్లేవ్. ఘర్షణ గుణకం 0.1 చాలు. ఇంత మొద్దు శంకువుకు ఘర్షణ పెంచినా తగ్గించినా కాఠిన్యం పెద్దగా మారదు, దాని మీద టైమ్ పాడుచేసుకోకండి. అక్షం మీది నోడ్‌లు పక్కకు కదలకూడదు, అడుగు నోడ్‌లు కిందికి కదలకూడదు. కుడి అంచు వదిలేయండి.

లోడ్ ఇవ్వకుండా లోతు ఇవ్వండి, అంటే సూదినంతా నడిపించే రెఫరెన్స్ పాయింట్‌ను 0.2 మైక్రాన్ కిందికి నడపండి. మొదట్లో సూది దేనికీ తగలకుండా గాలిలో ఉంటుంది. అప్పుడు లోడ్ ఇస్తే ఆపేది లేక లెక్క మొదటి అంగలోనే ఆగిపోతుంది. రెండో స్టెప్‌లో సూదిని వెనక్కి లాగండి. పెద్ద వైకల్యాల ఆప్షన్, అదే ఎన్ఎల్‌జియోమ్, రెండు స్టెప్‌ల్లోనూ ఆన్‌లో ఉండాలి. మొదటి ఇంక్రిమెంట్ స్టెప్‌లో వెయ్యో వంతుతో మొదలుపెట్టండి, గరిష్ఠం వందో వంతు దాటనివ్వకండి. ఇది లెక్క కుదరడానికే కాదు, వెనక్కి లాగే గ్రాఫులో పాయింట్లు సరిపడా ఉండాలన్నా అవసరమే.

భౌతిక ఆవిరి పద్ధతిలో (పీవీడీ) వేసిన టైటానియం నైట్రైడ్ పూతల్లో లోపల గిగాపాస్కల్ స్థాయిలో సంపీడన ఒత్తిడి నిలిచిపోయి ఉంటుంది. మొదటి ప్రయత్నంలో దాన్ని వదిలేయండి. అన్నీ కుదిరాక, గుచ్చడానికి ముందు ఒక స్టెప్ పెట్టి పూతకు ఆ ఒత్తిడి ఇచ్చి చూడండి. కాఠిన్యం కన్నా గుంట అంచు ఎంత పైకి లేచిందన్న దానిలోనే దాని ప్రభావం ఎక్కువ కనిపిస్తుంది.

పూత లేకుండా మూడు పరీక్షలు

ఇది ఎవరికీ ఇష్టం లేని భాగం, కానీ దీన్ని దాటేసి చేసిన ఏ రిపోర్టునూ నేను నమ్మను.

ఒకటి: రెండు పొరలకూ పూత గుణాలే ఇచ్చి, ఈల్డ్ తీసేసి, గుండ్రని మొన బదులు పదునైన మొన పెట్టి 0.2 మైక్రాన్ గుచ్చండి. దీనికి 1965లో స్నెడన్ ఇచ్చిన సూత్రం ఉంది. లోడ్ అంటే 2ను పై (π)తో భాగించి, దాన్ని తగ్గించిన మాడ్యులస్‌తో (మాడ్యులస్‌ను, 1లోంచి పాయిసన్ నిష్పత్తి వర్గం తీసేసిన దానితో భాగిస్తే వచ్చేది), అర్ధకోణం టాంజెంట్‌తో, లోతు వర్గంతో గుణించాలి. మన అంకెలకు తగ్గించిన మాడ్యులస్ 459, టాంజెంట్ 2.79, కాబట్టి లోడ్ 32.6 మిల్లీ న్యూటన్లు. మీ మోడల్ దీనికన్నా ఐదారు శాతం ఎక్కువ చూపిస్తుంది. కంగారు పడకండి, ఉపరితలం అక్షం వైపు జరగడాన్ని స్నెడన్ లెక్కలో పట్టించుకోలేదు, ఆ తేడా అదే. ఇరవై శాతం తేడా వస్తే మాత్రం మోడల్ చిన్నదై ఉంటుంది, లేదా మెష్ మొద్దుగా ఉంటుంది. పది రెట్లో వంద రెట్లో తేడా వస్తే యూనిట్లో, లేకపోతే సాఫ్ట్‌వేర్ ఇచ్చే బలం పూర్తి 360 డిగ్రీలకు కాకుండా చిన్న ముక్కకు కావడమో కారణం.

రెండు: అంతా ఉక్కే, ఈల్డ్‌తో. కాఠిన్యం ఈల్డ్‌కు రెండున్నర నుంచి మూడు రెట్ల మధ్య రావాలి.

మూడు: అంతా పూతే, ఈల్డ్‌తో. ఇందాక సర్దుకున్న 22 ఇక్కడిదే. అప్పుడు లోడ్ 16, 17 మిల్లీ న్యూటన్ల దగ్గర ఉండాలి, సాగే గుణం మాత్రమే ఉన్నప్పటి 32లో దాదాపు సగం. మీరు గోడ మీద రాసుకున్న అంకె.

కాఠిన్యం రాబట్టడం

ఇక పూత, ఉక్కు రెండూ ఉన్న అసలు మోడల్ నడిపించండి. రెఫరెన్స్ పాయింట్ దగ్గర బలాన్ని, కదలికను తీసి గ్రాఫ్ గీయండి. పైకి వంగుతూ ఎక్కే గీత, తర్వాత నిటారుగా దిగే గీత.

వైశాల్యం కనుక్కోవడానికి రెండు దారులున్నాయి. రెండింటిలోనూ చేయాలి.

మొదటిది 1992లో ఆలివర్, ఫార్ ఇచ్చిన పద్ధతి, ప్రయోగశాలల్లో అందరూ వాడేది. వెనక్కి లాగే గ్రాఫు పై భాగానికి ఒక ఘాత సూత్రాన్ని అతికించి, గరిష్ఠ లోతు దగ్గర దాని వాలు కనుక్కోవాలి. అదే స్టిఫ్‌నెస్. గరిష్ఠ లోడును స్టిఫ్‌నెస్‌తో భాగించి, 0.75తో గుణించి, గరిష్ఠ లోతులోంచి తీసేస్తే స్పర్శ లోతు వస్తుంది. మన ఉదాహరణలో స్టిఫ్‌నెస్ మైక్రాన్‌కు 440 మిల్లీ న్యూటన్ల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి తీసేయాల్సింది 0.027 మైక్రాన్. స్పర్శ లోతు 0.173. దానికి మొన గుండ్రదనం తాలూకు 0.0062 కలిపి వర్గం చేసి 24.5తో గుణిస్తే వైశాల్యం.

రెండో దారి ప్రయోగశాలలో దొరకనిది, సిమ్యులేషన్‌లో మాత్రమే దొరికేది. గరిష్ఠ లోడ్ దగ్గర, స్పర్శ పీడనం సున్నా కాని చివరి నోడ్ ఏదో చూసి, జరిగిన తర్వాత అది అక్షానికి ఎంత దూరంలో ఉందో తీసుకోండి. మొదట్లో ఉన్న దూరం కాదు. దాని వర్గాన్ని పైతో గుణిస్తే నిజమైన వైశాల్యం.

రెండు వైశాల్యాలూ మెష్ తప్పు పరిధిలో కలిస్తే హాయి. కలవకపోతే అసలు విషయం అక్కడే ఉంది. ఆలివర్-ఫార్ పద్ధతి గుంట చుట్టూ ఉపరితలం కుంగుతుందనే అనుకుంటుంది. కానీ పదార్థం పక్కలకు పొంగి కట్టలా లేస్తే నిజమైన వైశాల్యం ఎక్కువ, లెక్కలో వచ్చింది తక్కువ, కాఠిన్యం ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. లొంగేకొద్దీ గట్టిపడని పదార్థాల్లో ఈ తేడా వైశాల్యంలో 60 శాతం దాకా వెళ్లగలదని 1998లో బోల్షకోవ్, ఫార్ ఇలాంటి సిమ్యులేషన్లతోనే చూపించారు. వాళ్లిచ్చిన గుర్తు చాలా పనికొస్తుంది: లోడ్ పూర్తిగా తీశాక మిగిలిన గుంట లోతును గరిష్ఠ లోతుతో భాగించండి. 0.7 కన్నా తక్కువైతే పొంగు గురించి టెన్షన్ అక్కర్లేదు. దాటితే నోడ్‌లు లెక్కపెట్టిన వైశాల్యాన్నే నమ్మండి. మన టైటానియం నైట్రైడ్ లాంటివి పొంగవు. గాజు మీద అల్యూమినియం పూత లాంటి మెత్తటి పూత చేస్తే మాత్రం కింద గట్టి నేల తగిలి లోహం పక్కల నుంచి పైకి తన్నుకొస్తుంది, ఆలివర్-ఫార్ అంకెను పక్కన పెట్టేయాలి.

లోతు మారుస్తూ పోవడం

ఒక్క లోతులో వచ్చిన కాఠిన్యం గురించి ఏమీ అనలేం. 0.05, 0.1, 0.2, 0.4, 0.6, 1.0 మైక్రాన్ల దాకా విడివిడిగా నడిపి, లోతును పూత మందంతో భాగించిన నిష్పత్తి ఒక అక్షం మీద, కాఠిన్యం మరో అక్షం మీద గీయండి. పూతలో పదో వంతు దాటకూడదు అన్న మాట చాలామంది మంత్రంలా చెబుతారు. దాన్ని మీ కళ్లతో మీరే పరీక్షించుకునే చోటు ఇది. గట్టి పూత, మెత్తటి నేల ఉన్నప్పుడు సూది పూతలోనే ఉన్నా, కింద ఉక్కు ముందే లొంగిపోతుంది. ప్లాస్టిక్ స్ట్రెయిన్ బొమ్మలో చూడండి: మొదట మరక పూతలోనే సూది కింద ఉంటుంది. ఒక లోతు దగ్గర ఉక్కులో, సరిహద్దు గీత కింద, విడిగా ఇంకో మరక పుడుతుంది. ఆ లోతు నుంచే కాఠిన్యం గీత కిందికి వాలడం మొదలవుతుంది. సిమ్యులేషన్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన బొమ్మ అదొక్కటే, ఎందుకంటే మామూలు నానో ఇండెంటేషన్ గ్రాఫులో అది నేరుగా కనిపించదు. ఉక్కు ఈల్డ్‌ను 3 నుంచి 1 గిగాపాస్కల్‌కు తగ్గించి మళ్లీ నడిపితే ఆ రెండో మరక ఇంకా ముందే పుడుతుంది. పదో వంతు సూత్రం అన్ని జంటలకూ ఒకేలా వర్తించదని అప్పుడు అర్థమవుతుంది.

ఈ గీతకు సమీకరణం కావాలంటే 1998లో కోర్సున్‌స్కీ బృందం ఇచ్చింది తేలిక. పూత కాఠిన్యంలోంచి ఉక్కు కాఠిన్యాన్ని తీసేసి, వచ్చిన దాన్ని (1 + ఒక స్థిరాంకం × లోతు-మందం నిష్పత్తి వర్గం)తో భాగించి, ఉక్కు కాఠిన్యాన్ని తిరిగి కలపాలి. అతికించాల్సిన స్థిరాంకం ఒకటే.

మాడ్యులస్ విషయంలో పదో వంతు కూడా కాపాడదు. సాగే గుణపు ప్రభావం ఈల్డ్ మరకలా ఒకచోట ఆగదు, ఎంత తక్కువ గుచ్చినా ఉక్కు దాకా పోతుంది. అందుకే పూతల కోసం ఉన్న ఐఎస్ఓ 14577 నాలుగో భాగం, వేర్వేరు లోతుల్లో మాడ్యులస్ కొలిచి, గీతను సున్నా లోతు దాకా వెనక్కి పొడిగించి చదవమంటుంది. మీ ఆరు పరీక్షల అంకెలతోనే ఆ పని చేయండి. 430 ఇచ్చారు కదా, 430కి దగ్గరగా తిరిగి వస్తోందా?

ప్రయోగంతో పోల్చేటప్పుడు

హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ లాంటి సంస్థల్లో పూతల మీద కూడా పరిశోధన జరుగుతుంది. అలాంటి చోట కొలిచిన గ్రాఫ్ మీ చేతికొస్తే, దాన్ని మీ గ్రాఫు మీద పెట్టగానే దిగే గీతలు కలవవు. మీ సూది వంగనిది, వాళ్లది వజ్రం. వజ్రం కూడా సాగుతుంది: మాడ్యులస్ 1141 గిగాపాస్కల్స్, పాయిసన్ నిష్పత్తి 0.07. మెత్తటి లోహాలకు ఇది లెక్కలోకి రాదు. టైటానియం నైట్రైడ్‌కు మాత్రం వజ్రాన్ని కలిపితే తగ్గించిన మాడ్యులస్ 459 నుంచి 328కి పడిపోతుంది. స్టిఫ్‌నెస్‌లో పావు వంతు పైనే తేడా. కాబట్టి పోల్చే పని ఉంటే సూదిని కూడా మెష్ చేసి వజ్రం గుణాలివ్వండి. సూది వంగనిదిగానే ఉంచి, లెక్కలో మాత్రం అలవాటుకొద్దీ వజ్రం దిద్దుబాటు వేసేవాళ్లూ ఉన్నారు. అప్పుడు పూత మాడ్యులస్ అసాధ్యమైనంత పెద్దగా వస్తుంది.

గ్రాఫులు కలిసేదాకా పూత ఈల్డ్‌ను సర్దుకుంటూ పోయి, కలిశాక ఇదే పూత ఈల్డ్ అని రాయాలనిపిస్తుంది. ఈల్డ్ ఒక్కటే తెలియనిదైతే పర్లేదు. ఈల్డ్, స్ట్రెయిన్ హార్డెనింగ్ రెండూ తెలియనప్పుడు, ఒకే కోణం సూదితో ఒకే గ్రాఫ్ ఇచ్చే జంటలు చాలా ఉంటాయి, వాటిలో ఏది నిజమో ఆ గ్రాఫ్ చెప్పలేదు. అలాంటప్పుడు ఇంకా పదునైన సూదితో రెండో పరీక్ష కావాలి. ఘనం మూలలా ఉండే క్యూబ్ కార్నర్ సూది చాలా ల్యాబుల్లో ఉంటుంది. దానికి సమానమైన శంకువు అర్ధకోణం 42.3 డిగ్రీలు. మోడల్‌లో ఆ ఒక్క కోణం మార్చి, మొన చాపం కొలతలు మళ్లీ వేసుకుని, అవే పదార్థ గుణాలతో నడపండి. సూది పక్కల ఎలిమెంట్లు ఈసారి బాగా నలుగుతాయి, అందుకే మెష్ ఇంకా సన్నంగా పెట్టుకుని, మొదట తక్కువ లోతుతో ప్రయత్నించండి.